పాతబస్తీ నడక: నయాపూల్ నుంచి చౌమహల్లా దాకా గైడ్‌తో ఎలా తిరగాలి

హైదరాబాద్ పాతబస్తీ చూద్దామని వచ్చేవాళ్లలో చాలామంది తిన్నగా చార్మినార్ దగ్గరే దిగుతారు. నాలుగు ఫొటోలు, ఓ చాయ్, గాజుల దుకాణాల్లో గంటసేపు బేరం. అంతటితో సరి. గైడ్‌ను మాట్లాడుకుని వచ్చినా ఇదే జరుగుతుంది, ఎందుకంటే మొదలుపెట్టిన చోటే సరైంది కాదు. ఈ నడక మూసీ ఒడ్డున, నయాపూల్ వంతెన మీద మొదలవ్వాలి. పాతబస్తీలో ఇప్పుడు కనిపించేదాన్ని తీర్చిదిద్దిన సంగతులు రెండు: 1591లో వేసిన ఊరి ప్లాను ఒకటి, 1908లో వచ్చిన మూసీ వరద రెండోది. నది దగ్గర మొదలుపెడితే రెండూ వరసలో అర్థమవుతాయి. చార్మినార్ దగ్గర మొదలుపెడితే రెండోది అసలు కంటికే ఆనదు.

మొత్తం దూరం ఎంతో లేదు. నయాపూల్ నుంచి బాద్‌షాహీ అషూర్ఖానా (మొహర్రం సంతాపానికి కట్టిన మందిరం), పత్తర్‌గట్టి, చార్‌కమాన్, మక్కా మసీదు, చార్మినార్, నిజాముల చౌమహల్లా ప్యాలెస్, అక్కణ్నుంచి వెనక్కి గాజుల దుకాణాలుండే లాడ్ బజార్. అటూ ఇటూగా మూడు కిలోమీటర్లు. కానీ ఆగి చూసుకుంటూ వెళ్తే అయిదు గంటలు పడుతుంది. రెండు గంటల్లో అన్నీ చూపిస్తామనే టూర్లు ఉంటాయి. వాటిలో సాధారణంగా అషూర్ఖానా ఉండదు, చౌమహల్లాను గేటు దగ్గరే చూపించి పంపించేస్తారు.

ఏ రోజు, ఏ వేళ

శుక్రవారం వద్దు. ఆ రోజు చౌమహల్లా సెలవు, సాలార్‌జంగ్ మ్యూజియమూ సెలవే, మధ్యాహ్నం జుమ్మా నమాజుకు మక్కా మసీదు చుట్టుపక్కల రోడ్లన్నీ కిటకిటలాడతాయి. గణేశ్ నిమజ్జనం రోజు బాలాపూర్ నుంచి వచ్చే ఊరేగింపు చార్మినార్ మీదుగానే పోతుంది. మొహర్రం పదో రోజు బీబీ కా అలం (అలం అంటే పీరు) ఊరేగింపు ఉంటుంది. ఈ రెండు రోజుల్లో ఊరేగింపు చూడ్డానికైతే రండి, కట్టడాలు చూడ్డానికి కాదు. రంజాన్ నెలలో పగటి నడక చప్పగా ఉంటుంది. ఆ నెలలో రాత్రి ఎనిమిది దాటాక బజారు కోసం విడిగా ఓసారి రావడమే మేలు.

ఆదివారం పొద్దున్న అందరూ ఎంచుకునే రోజు. ట్రాఫిక్ తక్కువ, నిజమే. దుకాణాలు చాలావరకు మూసి ఉంటాయన్నదీ అంతే నిజం. కట్టడాలు ముఖ్యమనుకుంటే ఆదివారం, పనివాళ్లు పని చేస్తుంటే చూడాలనుకుంటే శనివారం. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో పది దాటితే రాతి నేల కాళ్లు కాలుస్తుంది. వానాకాలంలో చార్మినార్ చుట్టూ పరిచిన గ్రానైట్ రాళ్లు జారతాయి, అరిగిన చెప్పులతో రావద్దు.

పొద్దున్న ఏడుకు నయాపూల్ మీద ఉండాలి. ఎంత తొందరగా వెళ్తే అంత మంచిది అనుకుని ఆరుకే రావడం వల్ల లాభం లేదు. చార్మినార్ పైకి తొమ్మిదింటికి గానీ వదలరు, చౌమహల్లా తెరిచేది పదింటికి. ఆరుకు మొదలుపెట్టిన గుంపు ఎనిమిదిన్నరకల్లా చార్మినార్ కింద తోచక నిలబడుతుంది, గైడ్ కథలు సాగదీస్తాడు. ఏడుకు మొదలైతే తలుపులు తెరిచే వేళలకు నడక సరిగ్గా అతుకుతుంది.

సొంత కారు తేవద్దు. చార్మినార్ చుట్టూ బళ్లను రానివ్వరు, దగ్గర్లో పార్కింగ్ దొరకడం కష్టం, పైగా నడక ఒకచోట మొదలై ఇంకోచోట ముగుస్తుంది. మెట్రోలో ఎంజీబీఎస్ స్టేషన్‌లో దిగి నయాపూల్‌కి ఆటో కట్టించుకుంటే సరిపోతుంది.

గైడ్‌ను మాట్లాడుకునేటప్పుడు

రెండు రకాల నడకలున్నాయి. ఒకటి, పాత కట్టడాల పరిరక్షణకు పనిచేసే ఇంటాక్ లాంటి సంస్థలో, వారసత్వ కట్టడాల మీద ఆసక్తి ఉన్న బృందాలో వారాంతాల్లో పెట్టే గుంపు నడకలు. తలకింత అని కడతారు, దారి వాళ్లు చెప్పిందే. రెండోది, మీ కుటుంబానికో స్నేహితులకో విడిగా గైడ్‌ను పెట్టుకోవడం. దీంట్లో వరస మీ చేతిలో ఉంటుంది. ఈ వ్యాసంలో చెప్పే దారి రెండో రకానికి.

డబ్బు మాట్లాడేముందు ఈ విషయాలు తేల్చుకోండి. చెప్పేది తెలుగులోనా, ఉర్దూలోనా, ఇంగ్లీషులోనా? చాలామంది గైడ్లకు ఇంగ్లీషులో బట్టీ పట్టిన పాఠం ఉంటుంది. తెలుగులో చెప్పమంటే అదే సగానికి సగం తగ్గుతుంది. కాబట్టి ఫోన్లోనే ఓ అయిదు నిమిషాలు తెలుగులో మాట్లాడించండి. ఇచ్చేది మొత్తం గుంపుకా, మనిషికా? టికెట్లు అందులోనే వస్తాయా? చౌమహల్లా లోపలికి గైడ్ కూడా వస్తాడా, వస్తే అతని టికెట్ ఎవరిది? అషూర్ఖానాకు ముందే ఫోన్ చేసి తలుపు తీయించే పరిచయం అతనికి ఉందా? ఈ చివరి ప్రశ్నకు వచ్చే జవాబును బట్టే మంచి గైడ్ ఎవరో సగం తెలిసిపోతుంది. పర్యాటక శాఖ గుర్తింపు కార్డు ఉంటే చూపించమనడంలో మొహమాటం అక్కర్లేదు.

గుంపు పదిహేను మంది మించకూడదు. పత్తర్‌గట్టి రోడ్డు మీద హారన్ల మధ్య ఇరవయ్యో మనిషికి ఒక్క ముక్కా వినిపించదు. వెనక ఉన్నవాళ్లు మెల్లగా దుకాణాల్లోకి జారుకుంటారు, వాళ్ల కోసం ఆగడంతోనే గంట పోతుంది. పెద్ద గుంపైతే చెవికి పెట్టుకునే రిసీవర్లు ఇచ్చేవాళ్లను చూసుకోండి, లేదంటే ఇద్దరు గైడ్లను పెట్టుకోండి.

ముత్యాల దుకాణం విషయం ముందే తెగ్గొట్టాలి. "షాపింగ్ ఏమీ వద్దన్నా, మాకు తీరికైతే మేమే వెళ్తాం" అని మొదట్లోనే చెప్పండి. కొన్ని దుకాణాలు గైడ్లకు కమీషన్ ఇస్తాయి, ఇందులో రహస్యమేమీ లేదు. తప్పు పట్టాల్సిన పని కూడా లేదు, కానీ ఆ నలభై నిమిషాలు మీ నడకలోంచి పోతాయి.

వంతెన నుంచి చార్‌కమాన్ దాకా

నయాపూల్ మీద పడమటివైపు తిరిగి నిలబడండి. కుడిచేతి ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి, ఎడమచేతి ఒడ్డున హైకోర్టు. రెండింటి గుమ్మటాలూ ఒకే చేతివాటంలా కనిపిస్తే అది మీ భ్రమ కాదు. ఇంగ్లండు నుంచి వచ్చిన విన్సెంట్ ఎష్ ఈ రెండింటికీ పని చేశాడు, కాచిగూడ రైల్వే స్టేషన్ కూడా ఆయన చేతి మీదుగా వచ్చిందే. హైకోర్టు 1920లో తెరిచారు. నది ఒడ్డున ఇంత ఖాళీ చోటు ఎలా దొరికిందని గైడ్‌ను అడగండి. జవాబు 1908 సెప్టెంబరు 28. ఆ రోజు మూసీ పొంగి ఒడ్డున ఇళ్లన్నీ కొట్టుకుపోయాయి, వేలమంది పోయారు. ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా బతికారని చెబుతారు. వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు వచ్చాయి, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఇక్కడ పావుగంట చాలు. వంతెన మీద ఫుట్‌పాత్ ఇరుకు, తోపుడుబళ్లుంటాయి. పిల్లల చెయ్యి వదలొద్దు.

వంతెన దిగి మదీనా చౌరస్తా వైపు నడిస్తే కుడిపక్కన లోపలికి బాద్‌షాహీ అషూర్ఖానా. రోడ్డు మీంచి చూస్తే ఏమీ తెలియదు, దుకాణాల వెనక ఉంటుంది. ఈ నడకలో ఎక్కువసేపు ఆగాల్సింది ఇక్కడే. మహమ్మద్ కులీ కుతుబ్‌షా కాలంలో 1590ల్లో కట్టారు. లోపలి గోడల మీది రంగు పలకల పని 1611 నాటిది. ముందున్న ఎత్తయిన చెక్క స్తంభాల మండపం నిజాం అలీ ఖాన్ కాలంలో చేర్చింది. అంటే ఒకే గడపలో కుతుబ్‌షాహీలు, అసఫ్ జాహీలు (నిజాములు), రెండు రాజవంశాల పని.

గోడ దగ్గరికి వెళ్లి ఇలా చూడండి. తల ఎత్తు పైన ఉన్న పలకలు పసుపు, నీలం, తెలుపు రంగుల్లో మెరుస్తాయి. కాస్త పక్కకి జరిగితే వాటి మీద వెలుగు కూడా జరుగుతుంది. ఒక్కో పలక అంచు దగ్గర సన్నటి అతుకు గీత కనిపిస్తుంది, ఆకు సగం ఒక పలకలో, సగం పక్క పలకలో. ఇప్పుడు చూపు కిందికి దించండి. ఒకచోట మెరుపు ఆగిపోతుంది. అవే పూలు, అవే తీగలు, కానీ అతుకులు లేవు, వెలుగు జరగదు. అది రంగు వేసిన గచ్చు. 1908 వరద నీరు నిలబడి పాడు చేసిన చోట అసలు పలకలు పోగా, తర్వాత అదే నమూనాలో బొమ్మ వేశారు. వంతెన మీద విన్న వరద ఎంత ఎత్తున వచ్చిందో ఇక్కడ గోడే చెబుతుంది. చెయ్యి పెట్టి తడమొద్దు, చెమటకి రంగు పోతుంది. ఫ్లాష్ వేయొద్దు.

ఇది ఇప్పటికీ మతాచారాలు జరిగే చోటు. చెప్పులు బయటే విడవాలి, మోకాళ్లు, భుజాలు కప్పుకోవాలి. ఆడవాళ్లు ఓ చున్నీ దగ్గర ఉంచుకుంటే ఇక్కడా మక్కా మసీదులోనూ పనికొస్తుంది. మొహర్రం పది రోజుల్లో అలములు నిలబెట్టి ఉంటాయి. అప్పుడు వెళ్తే సందర్శకుల్లా కాక, సంతాపానికి వచ్చినవాళ్ల మధ్య ఎలా మెలగాలో అలా మెలగాలి. తలుపు మూసి ఉంటే గొడవ పడొద్దు, లోపల ఉండే పెద్దాయన్ను "సాబ్, దూరం నుంచి వచ్చాం" అని పలకరిస్తే సాధారణంగా తీస్తారు.

అక్కణ్నుంచి పత్తర్‌గట్టి. రెండు పక్కలా రాతి కమానుల వరస. రోడ్డు వెడల్పు చేశాక సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కట్టించినవి. కింద దుకాణాల బోర్డులు అన్నీ కప్పేస్తాయి కాబట్టి చూపు మొదటి అంతస్తు మీద పెట్టి నడవండి, కాళ్ల కింద సంగతి పక్కవాళ్లను చూసుకోమనండి. షట్టర్లు ఇంకా పైకెత్తని వేళ, ఎనిమిది లోపే ఈ వరస బాగా కనబడుతుంది. ఈ నడకకు పొద్దున్నే రావాలనడానికి అసలు కారణం చల్లదనం కాదు, ఇదీ.

మచిలీ కమాన్ దాటగానే గుల్జార్ హౌజ్. నాలుగు దిక్కులా నాలుగు కమానులు: ఉత్తరాన మచిలీ కమాన్, తూర్పున కాలీ కమాన్, దక్షిణాన చార్మినార్ కమాన్, పడమట షేర్-ఎ-బాతిల్ కమాన్. పడమటిది ఒకప్పుడు రాజభవనానికి వాకిలి. మధ్యలో ఇప్పుడు చిన్న ఫౌంటెన్ మిగిలింది. చుట్టూ బంగారం, ముత్యాల అంగళ్లు. నాలుగు కమానులూ ఒకేసారి కనిపించే చోటు ఫౌంటెన్ గట్టు పక్కనే ఉంది, కానీ అది ఆటోలు తిరిగే మలుపు. గైడ్ చెప్పేది ఫుట్‌పాత్ మీద నిలబడి వినండి, చూడ్డానికి ఇద్దరేసి చొప్పున వెళ్లి రండి.

ఎనిమిదింటికి ఇక్కడుంటే టిఫిన్ వేళ. పక్క సందుల్లో దోసె బండ్లు పొద్దుటే ఉంటాయి. మాంసాహారులైతే చార్మినార్ చుట్టుపక్కల నహారీ (మాంసం పులుసు), చార్‌కోని నాన్ (నాలుగు మూలల రొట్టె) దొరుకుతాయి, కానీ కడుపునిండా తింటే చార్మినార్ మెట్లు ఎక్కలేరు. నిమ్రా కేఫ్‌లో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కట్ చాలు. డికాక్షన్, పాలు విడివిడిగా కాచి కప్పులో కలుపుతారు కాబట్టి చాయ్ చిక్కగా, తియ్యగా ఉంటుంది. చక్కెర తక్కువ అంటే కుదరదు.

మక్కా మసీదు, చార్మినార్

తొమ్మిదికి ఇంకా టైముంటుంది కాబట్టి ముందు మక్కా మసీదు. సెక్యూరిటీ దగ్గర బ్యాగులు వెతుకుతారు, ఎంత తక్కువ సామాను ఉంటే అంత తొందరగా లోపలికి పోతారు. లేసులున్న బూట్ల కంటే తొడిగి విడిచే చెప్పులు మేలు, పొద్దుట్నుంచి ఇది రెండోసారి విడవడం. మసీదుకు పునాది మహమ్మద్ కుతుబ్‌షా వేశాడు, పూర్తయింది ఔరంగజేబు కాలంలో, 1694లో. ఇక్కడి రాయి ఎంత పెద్దదంటే, మిహ్రాబ్ (నమాజు దిక్కు చూపే గోడ గూడు) రాతిని గనిలోంచి తీయడానికే అయిదేళ్లు పట్టిందనీ, లాగడానికి 1,400 ఎడ్లను కట్టారనీ ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే రాసిపెట్టాడు. ఆవరణలో ఎడమపక్క అసఫ్ జాహీల సమాధులు. ఇక్కడ గైడ్‌కు ఓ చిన్న పరీక్ష పెట్టొచ్చు: "నిజాములందరూ ఇక్కడే ఉన్నారా?" అని అడగండి. మొదటి నిజాం సమాధి మహారాష్ట్రలోని ఖుల్దాబాద్‌లో, ఏడో నిజాంది కింగ్ కోఠీ దగ్గర జూదీ మసీదులో. తెలిసిన గైడ్ వెంటనే చెబుతాడు. కొలను పక్కన రాతి బల్ల ఉంది. దాని మీద కూర్చుంటే మళ్లీ హైదరాబాద్ వస్తారని నమ్మకం. కూర్చోండి, నష్టమేముంది.

సరిగ్గా తొమ్మిదికి చార్మినార్ టికెట్ దగ్గర ఉండండి. టికెట్ మనవాళ్లకు పాతిక రూపాయల చిల్లర, పదిహేనేళ్ల లోపు పిల్లలకు ఉచితం. క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ఫోన్లోనే తీసుకోవచ్చు. పైకి మొత్తం 149 మెట్లున్నా, సందర్శకులను మొదటి అంతస్తు వరకే వదులుతారు. పై అంతస్తులోని మసీదు చూడ్డానికి వీల్లేదు. మెట్లు ఇరుకు, మెలికలు తిరుగుతాయి, ఒక్కో మెట్టు ఎత్తెక్కువ, లిఫ్టు లేదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను, బీపీ ఉన్నవాళ్లను కింద చాయ్ దగ్గరే కూర్చోబెట్టండి. పది దాటితే ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు మెట్ల మీద ఒకరికొకరు అడ్డం పడతారు. మొదటి విడతలోనే ఎక్కి దిగడానికి అందుకే ఇంత పట్టుబట్టడం.

పైన చేయాల్సిన పని సెల్ఫీ కాదు, నాలుగు కమానుల్లోంచి నాలుగు వైపులా చూడడం. ఉత్తరాన ఇప్పుడే నడిచి వచ్చిన దారి చార్‌కమాన్ మీదుగా నది వైపు గీత గీసినట్టు పోతుంది. దక్షిణాన శాలిబండ వైపు, పడమట లాడ్ బజార్ వైపు, తూర్పున నాలుగోది. రెండు రోడ్లు అడ్డంగా కలిసే చోట చార్మినార్. మహమ్మద్ కులీ కుతుబ్‌షా ప్రధాని మీర్ మోమిన్ అస్త్రాబాదీ వేసిన ప్లాను ఇదే, నాలుగు వందల ఏళ్లు దాటినా ఆ రోడ్లు అక్కడే ఉన్నాయి. నాలుగు వైపులా ఉన్న గడియారాలు మాత్రం 1889లో పెట్టినవి. గోల్కొండకు సొరంగం ఉందని గైడ్ చెబితే వినండి, "ఎవరైనా చూశారా?" అని అడగండి. ప్లేగు పోయినందుకు కట్టారన్న మాట, భాగమతి కథ కూడా అంతే. జనం నోట నిలిచినవి, చరిత్రకారులు వాటి మీద ఒక మాట మీద లేరు. "ఇలా అంటారు" అని చెప్పే గైడ్ మంచివాడు, "ఇదే జరిగింది" అని ఒట్టేసేవాడితో జాగ్రత్త.

చౌమహల్లా ముందు, గాజులు తర్వాత

చాలా టూర్లు చార్మినార్ దిగి లాడ్ బజార్‌లోకి దూరతాయి. పదింటికి అక్కడ సగం షట్టర్లు దించే ఉంటాయి. కాబట్టి ఆ బజారులోంచి ఆగకుండా నడిచి, మహబూబ్ చౌక్ గడియార స్తంభం దాటి, ఖిల్వత్ వైపు చౌమహల్లాకు వెళ్లిపోండి. పదింటికి గేటు తెరిచేసరికి జనం తక్కువ. కెమెరాకు విడిగా టికెట్. లోపల గంటన్నర చాలు. ఖిల్వత్ దర్బారు హాల్లో పాలరాతి గద్దె, పైన పందొమ్మిది షాండ్లియర్లు. దక్షిణపు ఆవరణలో అఫ్జల్, మహతాబ్, తహనియత్, ఆఫ్తాబ్ మహళ్లు. పాత కార్లలో 1912 నాటి పసుపు రోల్స్ రాయిస్. శుభ్రమైన టాయిలెట్లు ఈ నడకలో నమ్మకంగా దొరికేది ఇక్కడే, ముఖ్యంగా ఆడవాళ్లు ఇది లెక్కలో పెట్టుకుని పొద్దున్న నీళ్లు తాగాలి. గైడ్‌కు డబ్బులిచ్చి పంపించాల్సిందీ ఇక్కడే. ఆ తర్వాత మీకు అతని అవసరం లేదు.

పదకొండున్నరకు లాడ్ బజార్‌కు తిరిగి వస్తే దుకాణాలన్నీ తెరిచి ఉంటాయి. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పని చూడాలంటే ముందున్న అద్దాల దుకాణాల్లో కాదు, వెనక సందుల్లో. లక్కను బొగ్గుల మీద మెత్తబరిచి, రంగు కలిపి, కడ్డీలా సాగదీసి, వంచి, కొసలు వేడితోనే అతికిస్తారు. ఆ వేడి తగ్గేలోపే రాళ్లు, అద్దం ముక్కలు ఒక్కొక్కటిగా చేత్తో పొదుగుతారు. అడిగితే చూపిస్తారు, ఫొటో తీసేముందు మాత్రం "తీసుకోవచ్చా భాయ్?" అనాలి. పని చేస్తున్న ఆడవాళ్లను అడక్కుండా అసలు తీయొద్దు.

సైజు రెండూ నాలుగు, రెండూ ఆరు, రెండూ ఎనిమిది అని చెబుతారు. రెండో అంకె అంగుళంలో పదహారో వంతులు. రెండూ నాలుగంటే లోపలి కొలత రెండుంపావు అంగుళాలు, రెండూ ఎనిమిదంటే రెండున్నర. మట్టి గాజుల సైజే లక్క గాజులకూ సరిపోతుందనుకోకండి. ఇవి మందం, సాగవు, ఎవరికి కొంటున్నారో వాళ్ల చేతికి వేసి చూడాలి. మొదట చెప్పిన ధరలో సగం దగ్గర బేరం మొదలుపెట్టి, మూడు దుకాణాలు తిరిగాక కొనండి. కొన్నాక వాటిని ఎండలో నిలబెట్టిన కారులో వదిలేయకండి. లక్క మెత్తబడి రాళ్లు ఊడిపోతాయి. ఇంటికి తెచ్చాక కూడా పొయ్యి పక్క అలమారలో కాకుండా చల్లగా ఉండే చోట, ఒకదాని మీద ఒకటి బరువు పడకుండా మెత్తటి గుడ్డలో చుట్టి పెట్టుకోవాలి.